గుమ్మడి పిందెలు రాలిపోవడం గురించి

గుమ్మడి పిందెలు నిమ్మకాయంత అయ్యి పసుపెక్కి రాలిపోతున్నాయి, ఏ ఎరువు వేయాలి అని అడిగారు కదండీ, ఎరువు దండగ, మీ గుంటూరు బ్రాడీపేట మేడ మీదకి తేనెటీగలు రావట్లేదు, మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకి చేరక పిందె రాలిపోతోంది, అంతే. పొద్దున్నే ఏడు లోపు మగపువ్వు (అడుగున పిందె ఉండదు) తెంపి, రేకులు తీసేసి, ఆ పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది. సొర అయితే సాయంత్రం పూస్తుంది, దానికి చీకటి పడే వేళ చేయాలి.

ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొడుతుంటే మాత్రం ఆపేయండి, తేనెటీగల కోసమే ఐరోపా సమాఖ్య 2018లో దాన్ని ఆరుబయట పొలాల్లో నిషేధించింది. పేనుబంకకి (ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు) వేపనూనె చాలు, అదీ సాయంత్రం. జర్మనీలో రక్షిత ప్రాంతాల్లోనే 27 ఏళ్లలో ఎగిరే పురుగుల మొత్తం బరువు 75 శాతానికి పైగా పడిపోయిందని 2017లో తేల్చారు, ఇక మన మిరప చేల పక్కన ఏం మిగులుతాయి చెప్పండి! తులసి కుండీ ఒకటి పక్కన పెట్టి, పూల వెన్నులు తుంచకుండా వదిలేయండి, వాటికి తేనెటీగలు వస్తాయి.