అన్నకి హెచ్‌ఐవీ, టీబీ, షుగర్ మూడూ ఉన్నాయి, ఇంట్లో ఎలా చూసుకోవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అన్న సూరత్‌లో పవర్‌లూమ్ పని మానేసి జ్వరంతో, దగ్గుతో తిరిగొచ్చాడు. ఒడిశా బరంపురంలో హెచ్‌ఐవీ, ఊపిరితిత్తుల టీబీ రెండూ ఉన్నాయన్నారు. షుగర్ ముందునుంచే ఉంది. మందుల సంచి నిండిపోయింది, అక్కడ చెప్పిందంతా ఒడియాలో, ఇంటికొచ్చేసరికి అమ్మ కంచం, గ్లాసు వేరు చేసేసింది. ఇదీ నీ బాధ. మా పుట్టిల్లు పర్లాకిమిడి. గంజాం జిల్లాలో ఇరవై ఆరేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మందు మార్చే పని డాక్టరుదే. మంచం పక్కన కూర్చుని చేసే పనుల గురించైతే నేను చెప్పగలను.

కంచం సంగతి ముందు తేల్చేద్దాం. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూమ్ వాడినా, బట్టలు కలిపి ఉతికినా హెచ్‌ఐవీ రాదు. బ్లేడు, టూత్ బ్రష్ మాత్రం ఎవరివి వాళ్ళకే ఉండాలి. రక్తం కారితే గ్లౌజులు వేసుకుని, బ్లీచింగ్ నీళ్ళతో తుడిస్తే చాలు. అమ్మ జాగ్రత్తపడాల్సింది టీబీ దగ్గర. అది గాలిలో వస్తుంది, కంచంలో రాదు. కాబట్టి కంచం కలిపేసి, కిటికీలు తెరిచిపెట్టండి. మొదటి వారాల్లో అన్నకి మాస్కు ఉండాలి, పడక వేరుగా ఉంటే మంచిది, కళ్ళె మూత ఉన్న డబ్బాలో ఉమ్మాలి. ఇంట్లో అందరూ టీబీ పరీక్ష చేయించుకోండి, అయిదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళని ముందు తీసుకెళ్ళండి.

ఇప్పుడు మందుల సంచి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే తప్పు చేసినదాన్ని నేనే.

పదేళ్ళలోపు మాటే. మీ అన్నలాగే సూరత్ నుంచి వచ్చిన తెలుగాయన ఒకాయన మా వార్డులో ఉండేవాడు. ఈయనకీ హెచ్‌ఐవీ, టీబీ రెండూ. డిశ్చార్జి రోజు గబగబా ఒడియాలోనే చెప్పేశాను, పొద్దున ఇది, రాత్రి అది అని. ప్రతి మాటకీ “హఁ ఆజ్ఞా”, అంటే సరేనండి, అన్నాడు. నెల తర్వాత వచ్చినప్పుడు డబ్బాలు విప్పించి లెక్కపెట్టాను. రాత్రి మాత్రలు ముప్పైలో దాదాపు అన్నీ అలాగే ఉన్నాయి. ఏమయ్యా అంటే, అప్పుడు తెలుగులో, “పెద్ద మాత్ర వేసుకుంటున్నాను గదమ్మా, చిన్నది బలానికిచ్చారనుకున్నాను, దానికి నిద్ర పట్టడం లేదని మానేశాను” అన్నాడు. అంతకుముందు నేను అడిగింది ఒక్కటే, అర్థమైందా అని. దానికి ఎవరైనా అయిందనే అంటారు.

ఆ చిన్న మాత్ర ఎందుకో చెప్తాను, మీ అన్నకీ ఇచ్చుంటారు. ఇప్పుడు పెద్దవాళ్ళకి మామూలుగా ఇచ్చే హెచ్‌ఐవీ మాత్రలో మూడు మందులుంటాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. రోజుకి ఒకటి. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ ఆ డోలుటెగ్రావిర్‌ని కాలేయంలో తొందరగా కరిగించేస్తుంది. అందుకని పన్నెండు గంటల తేడాతో డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు విడిగా ఇంకొకటి వేసుకోవాలి. టీబీ కోర్సు అయిపోయాక కూడా రెండు వారాలు అది సాగాలి. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. రక్తమనుకుని భయపడి మానేసినవాళ్ళని చూశాను, ఆ మాట ముందే చెప్పు. నిద్ర పట్టకపోతే మాత్ర మానకుండా, టైము ముందుకు జరపొచ్చా అని హెచ్‌ఐవీ మందులిచ్చే సెంటర్లో అడగండి.

అన్నని ఇలా అడుగు: “నువ్వే నాకు చెప్పు, నేను మర్చిపోయాను, పొద్దున ఏంటి, రాత్రి ఏంటి, ఈ చిన్నది ఎందుకు?” ఒడియాలో వద్దు, మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పించు. తప్పు చెప్తే కోప్పడకు, మళ్ళీ మాత్ర చేతిలో పెట్టి చూపించు. రెండు రోజులాగి ఇంకోసారి అడుగు. డబ్బా మీద సూర్యుడు, చంద్రుడు గీసినా బాగానే పనిచేస్తుంది, చదువు రానివాళ్ళకే అనుకోకు, జ్వరంలో డిగ్రీ చదివినవాళ్ళూ తికమకపడతారు. ఒకపూట మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతిదానికి టైమైపోతే ఒక్కటే. రెండు కలిపి మింగకూడదు.

షుగర్ మాత్ర ఇక్కడే ఇరుక్కుంటుంది. డోలుటెగ్రావిర్ ఉంటే షుగర్‌కిచ్చే మెట్‌ఫార్మిన్ ఒంట్లో ఎక్కువ నిలుస్తుంది, అందుకే రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఇటువైపు రిఫాంపిసిన్ వేరే షుగర్ మాత్రల బలం తగ్గించి, షుగర్ పెంచుతుంది. మీ ఊళ్ళో షుగర్ డాక్టరుకి హెచ్‌ఐవీ మాట దాచిపెట్టామని రాశావు చూడు, అది నాకు మింగుడు పడలేదు. సిగ్గు పోయేదాకా ఆగితే మందులు ఆగవు. ఆయనకి హెచ్‌ఐవీ మాత్రల పేర్లు చూపించండి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది, ఆ సంగతి బయటపెట్టకూడదని, వైద్యం నిరాకరించకూడదని దాంట్లో ఉంది. ఎవరైనా అలా చేస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. గ్యాస్‌కి తాగే తెల్లమందు, ఐరన్, కాల్షియం మాత్రలు కూడా డోలుటెగ్రావిర్‌ని పీల్చుకోనివ్వవు. వాటిని డోలుటెగ్రావిర్ వేసుకున్న రెండు గంటల తర్వాత, లేదా డోలుటెగ్రావిర్‌కి ఆరు గంటల ముందు వేసుకుంటే సరే.

తిండికి పెద్ద నియమాలు పెట్టకు. పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం) మీద ఆశ ఉంటుంది, నాకూ ఉంది, గానీ ఇప్పుడు ఒళ్ళు నీరసంగా ఉన్నప్పుడు రాత్రంతా నానిన పచ్చినీళ్ళ పఖాళ వద్దు. కాచి చల్లార్చిన నీళ్ళతో అప్పటికప్పుడు కలిపింది కొంచెం పెట్టు, షుగర్ చూసుకుని. గుడ్డు బాగా ఉడికించాలి. టీబీ రోగులకి పోషణకని బ్యాంకులో వేసే నెల 1000 రూపాయలు అడగడం మర్చిపోకండి.

మందు మొదలైన కొన్ని వారాలకి జ్వరం, గడ్డలు మళ్ళీ లేస్తే మందు చెడ్డదనుకోకండి. ఒంటిలో రోగనిరోధక శక్తి తిరిగి లేచి పాత టీబీ మీద పడే పోరాటం అది కావచ్చు. మానకుండా సెంటర్‌కి వెళ్ళండి. కళ్ళు పచ్చబడ్డా, తలనొప్పితో మెడ బిగిసినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులు ఆగకపోయినా అదే రోజు వెళ్ళాలి.

వదిన సంగతి. ఆమెకి అన్నే చెప్పాలి, కౌన్సిలర్ పక్కనుంటే మేలు, వదిన పరీక్ష ఆమె ఇష్టంతోనే జరగాలి. మందు సరిగ్గా వేసుకుని, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) కనపడనంత తగ్గి అలాగే నిలిచాక కలయిక ద్వారా అంటదు. అది పరీక్షలో తేలేదాకా కండోమ్ వాడాలి. వైరల్ లోడ్ మొదట ఆరు నెలలకి చూస్తారు.

తేరుకున్నాక మళ్ళీ సూరత్ అంటాడు, మనవాళ్ళు ఆగరు. రైలు టికెట్ తీసేముందు సెంటర్‌కి వెళ్ళి బదిలీ కాగితం రాయించుకో, చికిత్స వివరాలుండే పచ్చపుస్తకం తీసుకో. అక్కడి ప్రభుత్వ సెంటర్లో ఇవే మందులు ఉచితం. ఒక నెల మాత్రలు చేతిలో పెట్టుకుని బండెక్కమను.