పడవ ఇంజన్ బటన్ నొక్కితే టిక్కుమంటోంది, ప్యానెల్ కొత్తది కొనాలా?

ప్రశ్న: నమస్తే సార్. మేం మేరీల్యాండ్‌లో అనాపొలిస్ దగ్గర ఉంటాం. ఆఫీసులో నాతో పనిచేసే ఇంకో తెలుగబ్బాయీ నేనూ కలిసి పోయినేడాది ఒక పాత తెరచాప పడవ కొన్నాం. 1985 నాటి కాటలీనా 30, ఇంజన్ యూనివర్సల్ ఎం-25 డీజిల్. గాలి ఉంటే ఏ బాధా లేదు. మెరీనాలోంచి బయటికి రావాలన్నా, మళ్లీ లోపలికి పోవాలన్నా ఇంజన్ కావాలిగా, అక్కడే టెన్షన్. స్టార్ట్ బటన్ నొక్కితే ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి ఉత్త ‘టిక్’ శబ్దం వచ్చి ఊరుకుంటుంది. గ్లో ప్లగ్ (స్టార్ట్ చేసే ముందు సిలిండర్లను వేడిచేసేది) బటన్ నిమిషం సేపు పట్టుకున్నా చలి రోజుల్లో చాలట్లేదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆంప్‌మీటర్ ముల్లు వణుకుతుంటుంది. లోపల లైట్లకు, పంపుకు ఉన్న స్విచ్ ప్యానెల్ కూడా అప్పటిదే, గాజు ఫ్యూజులు. దాని మీద తడితే లైట్లు వెలుగుతాయి! బ్యాటరీలు మాత్రం కొత్తవే. పక్క బోటాయన ప్యానెళ్లు రెండూ పీకి కొత్తవి పెట్టమంటున్నారు, మావాడు స్టార్టర్ మోటారు మార్చాలంటున్నాడు. ఇంట్లో స్విచ్‌లు, ఫ్యాన్లు బిగించుకోవడం వచ్చు గానీ బోటు పని ఇదే మొదటిసారి. ఏది ముందు చెయ్యాలి?

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. మీరు రాసిన లక్షణాలన్నీ ఒకే చోటికి వేలు చూపిస్తున్నాయి. అది ప్యానెల్ కాదు, స్టార్టర్ కూడా కాకపోవచ్చు. ఇంజన్‌కీ కాక్‌పిట్‌లోని (పడవ నడిపేవాళ్లు కూచునే చోటులోని) మీటర్ల ప్యానెల్‌కీ మధ్య పోయే వైర్ల కట్టను ముందు అనుమానించాలి. ఆ కాలపు యూనివర్సల్ ఇంజన్లకు ఇది పేరుమోసిన జబ్బు. ఇంజన్ మాత్రం మొండిది, దాని గుండె కుబోటా ట్రాక్టర్ ఇంజనే, మన గోదావరి జిల్లాల్లో వరి నాటే యంత్రాలు అమ్మే ఆ కుబోటానే. దానికి వైరింగ్ చేసిన పద్ధతి మాత్రం బొత్తిగా బోటుకు తగినది కాదు.

ఏం చేశారంటే, ఆల్టర్నేటర్‌లో పుట్టిన కరెంటు మొత్తాన్ని కాక్‌పిట్ దాకా పైకి పంపి, ఆంప్‌మీటర్ గుండా తిప్పి, మళ్లీ కిందికి తెచ్చి బ్యాటరీ వైపు వదిలారు. ఆంప్‌మీటర్‌లో ముల్లు కదలాలంటే కరెంటంతా దానిలోంచే పోవాలి మరి. ఈ ఇంజన్‌తో వచ్చిన ఆల్టర్నేటర్ 51 ఆంపులది, ఆ దారిలో ఉన్నది 10 గేజి వైరు (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది). అదీ చాలదన్నట్టు దారిలో రెండుచోట్ల, ఇంజన్ దగ్గర ఒకటి ప్యానెల్ వెనక ఒకటి, కారు వెనక ట్రైలర్ లైట్లకు తగిలించే రకం రబ్బరు ప్లగ్గులు పెట్టారు. నలభై ఏళ్ల ఉప్పుగాలి తిన్నాక ఆ ప్లగ్గుల్లో పిన్నులకు చిలుము పడుతుంది, వేడెక్కుతుంది, రబ్బరు కరిగి అంటుకుపోయిన బోట్లు కూడా ఉన్నాయి. ముల్లు వణుకుతోందంటే ఎక్కడో కాంటాక్టు పడుతూ పోతూ ఉందని అర్థం. అందుకే ఈ ఒక్క సంగతి తేలేదాకా ఇంజన్‌ను గంటల తరబడి నడపొద్దని నా సలహా.

గ్లో ప్లగ్గుల కథ కూడా ఇదే. మూడు సిలిండర్లకు మూడు ప్లగ్గులు, మూడూ కలిపి సుమారు 25 నుంచి 30 ఆంపులు లాగుతాయి, ఆ కరెంటు కూడా మీ బొటనవేలి కింద ఉన్న బటన్ గుండానే పోతోంది. రానూ పోనూ 30 అడుగుల 10 గేజి రాగి వైరు అనుకుందాం. కొత్తగా తళతళలాడుతున్నా సరే దాంట్లోనే 0.9 వోల్టు దాకా పోతుంది. చిలుము పట్టిన ప్లగ్గులు, అరిగిన బటన్, తాళం స్విచ్ ఇంకో రెండు వోల్టులు మింగితే ప్లగ్గులకు మిగిలేది 9 చిల్లర. వోల్టేజి పావు వంతు తగ్గితే వేడి దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. నిమిషం కాదు, రెండు నిమిషాలు పట్టుకున్నా లాభం లేదు.

నా మాట నమ్మి వైర్లు కోసెయ్యకండి, ముందు కొలవండి. మామూలు మల్టీమీటర్ చాలు. విశ్రాంతిలో ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. తర్వాత మీ స్నేహితుణ్ని కాక్‌పిట్‌లో కూచోబెట్టి, మీరు కిందికి దిగి, స్టార్టర్ మీదున్న సొలినాయిడ్ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) దగ్గర సన్న వైరు వచ్చే చిన్న టెర్మినల్ మీద ఎర్ర ప్రోబు, ఇంజన్ ఒంటి మీద శుభ్రమైన ఇనుము చూసి నల్ల ప్రోబు పెట్టండి. ఆయన బటన్ నొక్కినప్పుడు బ్యాటరీ దగ్గర 12కి పైనే ఉండి ఇక్కడ 8, 9 కనిపిస్తే దొంగ వైర్ల కట్టలోనే ఉన్నాడు, స్టార్టర్ నిర్దోషి. ఆ చిన్న టెర్మినల్ దగ్గరా, మోటారుకు పోయే లావు కేబుల్ దగ్గరా కూడా వోల్టేజి బాగానే ఉండి అప్పటికీ టిక్కుమంటే, సరే, మీవాడే నెగ్గాడు. నెగటివ్ వైపు కూడా మరవకండి: బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి ఇంజన్ ఒంటికి మధ్య కొలుస్తూ స్టార్ట్ చేయిస్తే అర వోల్టుకు మించకూడదు. మించితే ఆ నల్ల కేబుల్ చివర్లు విప్పి ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి, సగం కేసుల్లో ఖర్చు అక్కడితో ఆగిపోతుంది.

ఇక మరమ్మతు. బ్యాటరీ నెగటివ్ విప్పండి, షోర్ పవర్ (ఒడ్డు నుంచి వచ్చే కరెంటు) తీగ పీకెయ్యండి, ప్రతి వైరుకూ టేపు మీద పేరు రాసి ఫోటో తీసుకోండి. రబ్బరు ప్లగ్గులు రెండూ కోసి పారేసి వాటి చోట స్క్రూల టెర్మినల్ స్ట్రిప్ పెట్టండి. ఆంప్‌మీటర్‌ను దారిలోంచి తప్పించి, అదే కన్నంలో వోల్ట్‌మీటర్ బిగించండి. దానికి సన్న వైర్లు చాలు, తాళం తిప్పాక కరెంటు వచ్చే చోటి నుంచి ఒకటి, నెగటివ్‌కు ఒకటి. నాకైతే ఆంప్‌మీటర్ కంటే ఇదే ఎక్కువ చెబుతుంది, ఇంజన్ నడిచేటప్పుడు 14 దరిదాపుల్లో ఉంటే ఛార్జింగ్ సవ్యంగా ఉన్నట్టు. ఆల్టర్నేటర్ నుంచి కొత్తగా 6 గేజి లేదా అంతకంటే లావు వైరు వేసి, కాక్‌పిట్ దాకా పోకుండా నేరుగా స్టార్టర్ మీదున్న బ్యాటరీ టెర్మినల్‌కు కలపండి. ఆల్టర్నేటర్ నుంచి ఆంప్‌మీటర్‌కు పోయే పాత నారింజ రంగు వైరును రెండు వైపులా విప్పి తీసెయ్యాలి, ఒక్క కొన కూడా ప్రాణంతో వేలాడకూడదు. కాక్‌పిట్‌కు పోయే వైరు మొదట్లో, ఇంజన్ దగ్గరే, ఫ్యూజు పెట్టండి. అసలు వైరింగ్‌లో చాలా బోట్లకు అక్కడ ఏమీ ఉండదు.

గ్లో ప్లగ్గులకు ఇంజన్ దగ్గర ఒక సొలినాయిడ్ పెడితే మీ బటన్ దాన్ని మాత్రమే లేపుతుంది, పెద్ద కరెంటు పొట్టి దారిలో పోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. కార్ల దుకాణంలో చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండే స్టార్టర్ సొలినాయిడ్ దొరుకుతుంది, అది రెండు మూడు సెకన్ల పనికి చేసింది, ఎక్కువసేపు పట్టుకుంటే కాలిపోతుంది. ‘కంటిన్యువస్ డ్యూటీ’ అని రాసున్నదే అడగండి. ఇంకో తేడా, కొన్ని సొలినాయిడ్లకు నెగటివ్ వాటి బాడీ ద్వారానే అందాలి. ఫైబర్ గోడకు బిగిస్తే అది పనిచెయ్యదు, నెగటివ్‌కు విడిగా టెర్మినల్ ఉన్నది తీసుకోండి. ఇది పెట్టాక గ్లో బటన్ 15, 20 సెకన్లు పట్టుకుంటే చాలు. ఈ బోట్ల విడిభాగాలు అమ్మే దుకాణాల్లో హార్నెస్ (వైర్ల కట్ట) అప్‌గ్రేడ్ కిట్ అని ఇదంతా కలిపి అమ్ముతారు కూడా, ఓపిక లేకపోతే అది కొనుక్కోవచ్చు. అన్నీ అయ్యాక తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందే, ఆయిల్ ప్రెషర్ బజర్ మోగుతోందో లేదో వినండి. మోగకపోతే అది కూడా పోయిందని లెక్క, దాన్ని వదిలెయ్యొద్దు. ఇంజన్ నడుస్తుండగా మెయిన్ బ్యాటరీ స్విచ్‌ను ‘ఆఫ్’ మీదికి తిప్పితే మాత్రం ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి, మీవాడికి కూడా చెప్పి ఉంచండి.

లోపలి స్విచ్ ప్యానెల్ సంగతి. తడితే వెలుగుతోందంటే ఫ్యూజు పట్టుకునే స్ప్రింగ్ క్లిప్పులు వదులయ్యాయి. పాత ప్యానెల్ అయినంత మాత్రాన చెడ్డది కాదు, వెనక బస్‌బార్ (వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) స్క్రూలు విప్పి రుద్ది, పోయిన స్విచ్ ఒక్కటీ మార్చి, క్లిప్పులు కొత్తవి వేసుకుంటే ఇంకో పదేళ్లు లాగుతుంది. ప్లాస్టిక్ వేడికి గోధుమరంగులోకి తిరిగినా, పాత ఓనర్లు ఒకే స్క్రూ కింద అయిదారు వైర్లు కుక్కి ఉన్నా అప్పుడు బ్రేకర్ ప్యానెల్‌కు మారండి. కొత్తదాని కొలతలు పాత కన్నానికి సరిపోవు, అందరూ ప్లైవుడ్ ముక్క కోసి అమరుస్తారు, సిగ్గుపడక్కర్లేదు. ఫ్యూజు మాత్రం సామాను చూసి కాదు, వైరు చూసి వెయ్యాలి. సన్న వైరుకు 30 ఆంపుల ఫ్యూజు వేస్తే మంట వైరులో పుడుతుంది. ప్యానెల్‌కు వచ్చే మెయిన్ వైరుకు బ్యాటరీ నుంచి 7 అంగుళాల లోపే ఫ్యూజు ఉండాలని అమెరికాలో బోటు ప్రమాణాలు రాసే ఏబీవైసీ చెబుతుంది, కొన్ని మినహాయింపులున్నాయి గానీ మీరు 7 అంగుళాలే పట్టుకోండి. బోటు అడుగున చేరే నీళ్లు తోడే బిల్జ్ పంప్‌ను మాత్రం ఈ ప్యానెల్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి, దాని ఫ్యూజుతో దానికే ఇవ్వండి. మీరు అన్నీ ఆపేసి ఇంటికెళ్లినప్పుడే కదా దాని అవసరం.

మీకు ఇంటి వైరింగ్ వచ్చన్నారు, నా భయం అక్కడే. అమెరికా ఇళ్లలో నల్ల వైరు అంటే షాక్ కొట్టే వైరు, బోటు 12 వోల్టుల లైన్లో నల్లది నెగటివ్. రెండూ ఒకే పెట్టెలో కలిసి కనిపిస్తే చెయ్యి తియ్యండి. కొత్తగా వేసే 12 వోల్టుల నెగటివ్‌కు పసుపు రంగు వాడమనేది అందుకే. 120 వోల్టుల షోర్ పవర్ వైపు మాత్రం సర్టిఫికెట్ ఉన్న మెరైన్ ఎలక్ట్రీషియన్‌కు వదిలెయ్యండి, డబ్బులు దండగ అనుకోకండి.

ప్రశ్న: బోటులో వైర్లు కలిపేటప్పుడు సోల్డరింగ్ చేస్తే గట్టిగా ఉంటుంది కదండీ, మరి అందరూ క్రింప్ (టెర్మినల్‌ను వైరు మీద నొక్కి బిగించడం) అంటారేం? ఇళ్లలో వాడే టోపీల్లాంటి కనెక్టర్లు పనికిరావా?

జవాబు: టోపీలు అసలు పనికిరావు, అదురుకు ఊడిపోతాయి. సోల్డర్ చేసిన చోట వైరు బిరుసెక్కి, పక్కనే మెత్తగా ఉన్న చోట అదురుకు విరుగుతుంది. అందుకే సోల్డర్ ఒక్కదాన్నే నమ్ముకుని జాయింటు వెయ్యకూడదు. తగరపు పూత ఉన్న సన్న పోగుల మెరైన్ వైరు, గుండ్రటి కన్నం ఉన్న రింగ్ టెర్మినల్, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టం, ర్యాచెట్ క్రింపర్ వాడండి. క్రింప్ చేశాక గట్టిగా లాగి చూడండి, ఊడితే పడవ మీద కంటే బల్ల మీద ఊడటమే నయం.

ప్రశ్న: మాస్టు (తెరచాప స్తంభం) మీద లైటుకు చవక ఎల్‌ఈడీ బల్బు వేశాక, పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఒకటే గరగర. రేడియో పోయినట్టేనా?

జవాబు: రేడియో బాగానే ఉండొచ్చు. కొన్ని ఎల్‌ఈడీల్లోని సర్క్యూట్ రేడియోను, చుట్టుపక్కల ఓడల జాడ చూపే ఏఐఎస్‌ను అడ్డుకుంటోందని అమెరికా కోస్ట్ గార్డే 2018లో హెచ్చరిక ఇచ్చింది. పరీక్ష తేలిక. లైటు ఆపి, రేడియోను మాటలు లేని ఛానెల్‌లో పెట్టి, గరగర సరిగ్గా ఆగేదాకా స్క్వెల్చ్ (గరగరను అణిచే మీట) తిప్పండి. ఇప్పుడు లైటు వెయ్యండి, గరగర మళ్లీ వస్తే బల్బే దోషి. వెనక్కిచ్చేసి, నావిగేషన్ లైటుగా ఆమోదం పొందిన మొత్తం ఫిక్చర్ కొనండి. పాత రంగు గాజు వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే ఎరుపు, ఆకుపచ్చ సరైన రంగులో కనపడకపోవచ్చు కూడా. ఇంకోటి, మాస్టు చివర మూడు రంగుల లైటు తెరచాప మీద వెళ్లేటప్పుడే. ఇంజన్ స్టార్ట్ చేశారంటే దాన్ని ఆపి, కింది పక్క లైట్లు, వెనక లైటు, మాస్టు ముందు తెల్ల లైటు వెయ్యాలి, రెండింటికీ వేర్వేరు స్విచ్‌లు ఉండేట్టు చూసుకోండి.