గుమ్మం చుట్టూ బీడింగ్

ప్రశ్న: ద్వారబంధానికీ గోడకీ మధ్య పగులు. లప్పం పెట్టినా మళ్లీ వస్తోంది. చెక్క బీడింగ్ (అంచు కప్పే సన్న పట్టీ) వేస్తే పోతుందా? ఎంత కొనాలి?

జవాబు: పోదు, కనబడదంతే. చెక్క వానల్లో ఉబ్బి ఎండల్లో కుంచించుకుంటుంది, గోడ అలా కదలదు. ఇక లప్పం ఎలా నిలుస్తుంది? రెండున్నర అంగుళాల వెడల్పు, అర అంగుళం మందం టేకు పట్టీ తీసుకోండి. అంగుళం బంధం మీద, మిగతాది గోడ మీద కూర్చోవాలి. బయటి కొలత 7×3 అడుగుల బంధానికి గోడకు ఒక వైపున మూడు పట్టీలకూ కలిపి సుమారు 18 అడుగులు; మూల కోతల వృథాతో 20 కొనండి. మేకులు బంధానికే కొట్టించండి. గోడకీ బిగిస్తే పట్టీ చీలొచ్చు. ప్లాస్టరింగు బంధం కంటే ముందుకొచ్చి ఉంటే పట్టీ వెనకవైపు చిత్రిక పట్టించాలి, లేకపోతే మూలలు కలవవు. అడుగున 3 మి.మీ. ఖాళీ వదలండి, నేల తుడిచే తడిగుడ్డ నీళ్లను పట్టీ పీల్చదు. బాత్రూం గుమ్మానికి ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసేది) మాత్రం వద్దు, పీవీసీ పట్టీ నయం.