ఆయా దగ్గర మొదలైంది

"ఇంటర్నేషనల్ స్కూల్లో అన్ని దేశాల పిల్లలూ కలిసిపోవాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. హైదరాబాద్‌లో అలాంటి ఒక స్కూల్లో ఆరేళ్ళు ఒకటో తరగతికి చెప్పాను. నా జవాబు ఒకటే: ఇంగ్లీషు తప్ప వేరే మాట వినిపించకూడదనే రూలు తీసేయండి. ఆ రూలు ఉన్నంతకాలం ఎన్ని పండగలు చేసినా పిల్లలు కలవరు.

ఒక ఏడాది మా క్లాసులో కొరియా బాబు చేరాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మొదటిరోజు తలుపు పట్టుకుని "ఒమ్మా, ఒమ్మా" అని ఒకటే ఏడుపు. బొమ్మలు చూపించాను, పాట పెట్టాను. ఊహూఁ. వరండా ఊడుస్తున్న ఆయా చీపురు పక్కన పడేసి వచ్చి, "అమ్మనే అడుగుతుండు కదా టీచర్" అని వాణ్ణి ఎత్తుకుంది. "ఊకో బిడ్డా, అమ్మొస్తది" అంటూ వీపు నిమిరింది. పది నిమిషాల్లో ఆమె భుజం మీదే నిద్రపోయాడు. కొరియన్‌లో అమ్మని నిజంగానే ఒమ్మా అంటారని నాకు ఆ సాయంత్రం తెలిసింది.

నెల తిరిగేసరికి "ఆయమ్మా, నీళ్ళు" అని అడగడం నేర్చాడు. అది విన్న తెలుగు పిల్లలు "వీడికి తెలుగొచ్చు!" అని చుట్టూ మూగారు. దాగుడుమూతల్లో వాడు "హనా, దుల్, సెత్" అని లెక్కపెడితే వాళ్ళూ అలాగే లెక్కపెట్టేవారు. ఇదంతా నేను చేసింది కాదు.

తర్వాత ఎవరో పేరెంట్స్ కంప్లైంట్ చేశారు, లక్షల ఫీజు కట్టేది తెలుగు నేర్పడానికా అని. కోఆర్డినేటర్ ఆయాని పిలిచి పిల్లలతో మాట్లాడొద్దన్నారు. అప్పటినుంచి వాడు ఎదురొస్తే ఆమె తల వంచుకుని వెళ్ళిపోయేది. వాడు వెనకాలే పరిగెత్తేవాడు. నేను గొడవపడ్డాను, లాభం లేకపోయింది. అదే నెలలో ఇంటర్నేషనల్ డే అని జెండాలు కట్టారు, మన పిల్లలకి పంచెలు చుట్టి ఇంగ్లీషులో పరిచయం చేయించారు. ఆ రోజు కుర్చీలు వేసిన ఆయాలు మాత్రం మెట్ల కింద కూర్చుని అన్నం తిన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

1924లో, ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి ఉద్యోగుల పిల్లల కోసం జెనీవాలో మొదలైన ఇంటర్నేషనల్ స్కూల్లో ఇప్పటికీ ఇంగ్లీషుతోపాటు ఆ ఊరి భాష ఫ్రెంచిలోనూ చదువు చెబుతారు. 1968లో జెనీవాలోనే పుట్టిన ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్, చాలా ఇంటర్నేషనల్ స్కూళ్ళు పాటించే చదువు పద్ధతి) కూడా, చివరి రెండేళ్ళ డిప్లొమా కోర్సులో మాతృభాష సాహిత్యం చదువుకోమంటుంది, బడిలో ఆ భాష టీచర్ లేకపోతే సొంతంగా చదువుకునే దారి కూడా పెట్టింది. ఇక తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడైనా తెలుగు నేర్పాలి. అయినా ఆ పీరియడ్‌ని పరీక్షలప్పుడు లెక్కలకి ఇచ్చేస్తారు. తెలుగు టీచర్‌కి స్టాఫ్ మీటింగ్‌లో మాట్లాడే వంతు రాదు. ఊరి భాషకే చోటివ్వని బడి కొరియా పిల్లాడికి ఎలా చోటిస్తుంది?

మీరు పేరెంట్ అయితే, అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు ఎన్ని దేశాల పిల్లలున్నారని అడగకండి. ఆయాలు, బస్సు డ్రైవర్లు ఎక్కడ కూర్చుని భోంచేస్తారో అడగండి. వీలైతే ఆ చోటు చూపించమనండి.