కణం అతుక్కుంటుందా, తగులుకొంటుందా?

సందేహం: జంతుకణం తన చుట్టూ ఉన్న మాత్రికకు (కణాల బయట ఉండే ప్రోటీన్ల అల్లికకు) ‘అతుక్కుంటుంది’ అని ఒక పుస్తకంలోనూ, ‘అంటుకుంటుంది’ అని మరొక దానిలోనూ ఉంది. పిల్లలకు ఏది చెప్పాలి? మాత్రికను ‘సెన్స్ చేస్తుంది’ అనడానికి తెలుగు మాట ఉందా?
– ఒక జీవశాస్త్ర అధ్యాపకురాలు, కావలి

సమాధానం: అతుకు, అంటు అనే క్రియలు ప్రధానంగా జిగురు పనిని చెబుతాయి. కణం చేసేది అంతమాత్రం పని కాదు. కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లు అల్లుకొన్న మాత్రికను కణత్వచంలో ఇటునుంచి అటు దూరి ఉండే ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు పట్టుకొంటాయి. ఫైబ్రోనెక్టిన్‌లో వాటికి పట్టు దొరికేది ఆర్జినిన్, గ్లైసీన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాల వరుస దగ్గరనని 1984లో తేలింది. ఇంటెగ్రిన్ లోపలి కొస టాలిన్ అనే ప్రోటీన్ ద్వారా కణం లోపలి ఆక్టిన్ తంతువులతో ముడిపడి ఉంటుంది. ఆ తంతువులను మయోసిన్ అనే ప్రోటీన్ లాగుతుంది. మాత్రిక గట్టిదైతే ఎదురు బిగుస్తుంది, ఆ బిగువుకు టాలిన్ మడతలు విప్పుకొని విన్‌క్యులిన్ అనే మరో ప్రోటీన్‌కు చోటిస్తుంది, పట్టు మరింత బలపడుతుంది. మెత్తనిదైతే లాగిన కొద్దీ సాగివస్తుంది, పట్టు అంతగా బలపడదు. కణానికి మాత్రిక సంగతి తెలిసేది ఈ లాగుడులోనే.

పట్టునూ ఎరుకనూ కలిపి చెప్పగల క్రియ మనకు ఉన్నది: ‘తగులు’. చీకట్లో చేతికి గోడ తగిలిందంటే ముట్టుకోవడమే కాదు, అక్కడ గోడ ఉందని తెలియడం కూడా. చొక్కాను కొక్కేనికి తగిలిస్తే బరువు కొక్కెం మీద పడుతుంది. దీని మరో రూపం ‘తవులు’. పగడము, పవడము అయినట్లే ఇక్కడా గకార వకారాలు మారాయి. మన నెల్లూరి మనుమసిద్ధి కొలువులో వెలిగిన తిక్కన, ఉద్యోగపర్వంలో ద్రౌపది చేత తన కురులను కృష్ణునికి చూపించి “ఇవి దుశ్శాసను వ్రేళ్లం దవిలి సగము ద్రెవ్విపోయి” అనిపించాడు. అంటి అనలేదు, అతికి అనలేదు. వేళ్లలో చిక్కిన వెంట్రుక, దానిపై పడిన లాగుడు, తెగేదాకా వచ్చిన బిగువు, అన్నీ ‘తవిలి’ అనే మూడక్షరాలలో ఇమిడాయి. క్రియను ఎంచుకోవడంలో తిక్కనకు సాటి రాగలవారు నాకు కనిపించరు.

ఆత్మకూరు బస్టాండులో మిత్రుడు తగలడం, ఒంటికి ఎండ తగలడం, మోహమనే అర్థంలో తగులము అన్నవి ఇదే ధాతువు బిడ్డలు.

ఇంత సంపద ఉండగా పాఠం రాసేవారు ‘సెన్స్ చేస్తుంది’ అని సరిపెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. ‘స్పర్శిస్తుంది’ కూడా చాలదు. 2006లో వెలువడిన ప్రయోగాలలో మూలకణాలను మెదడంత మెత్తని జెల్ మీద పెంచితే నాడీకణాల పోలిక, అంతకంటే గట్టిదాని మీద కండర లక్షణాలు, ఇంకా గట్టిదాని మీద ఎముక లక్షణాలు కనబడ్డాయి. ముట్టుకోవడం ఒక్కటే అయితే ఈ తేడా రాదు. అందుకు ‘పసిగట్టు’ తగిన మాట. మాత్రికను ‘మాతృక’ అని రాయడం మానాలి. మాతృక అంటే మూలప్రతి.

కనుక “కణం మాత్రికకు తగులుకొని, దాన్ని లాగి, గట్టిదనాన్ని పసిగడుతుంది” అని చెప్పండి. వాడుకలో ‘తగులుకొను’కు వదలక వేధించడమనే ఛాయ కూడా ఉన్నందున, ఎవరైనా ‘పట్టుకొని’ అని రాస్తే కాదనను. చిన్న తరగతులకు ‘అతుక్కుంటుంది’ కూడా చెల్లవచ్చు, లాగుడు సంగతి విడిగా చెప్పినంత వరకు.