చరిత్ర, తత్వశాస్త్రం చదివితే నేటి రాజకీయ ప్రశ్నలకు జవాబు దొరుకుతుందా?

మీ ప్రశ్న: "సమాజం, రాజకీయాల గురించిన పెద్ద ప్రశ్నలకు చరిత్ర, తత్వశాస్త్రం చదివితే నిజంగా సమాధానం దొరుకుతుందా, లేక వాదనల్లో గెలవడానికే పనికొస్తాయా?"

నాకైతే చదవకముందు ఒక జవాబు ఉండేది. చదివాక అది కూడా పోయింది. భూమి విషయంలో జరిగింది చెప్తాను.

మాది జనగామ వైపు ఒక ఊరు. డిగ్రీ రోజుల్లో తెలంగాణ సాయుధ పోరాటం గురించి దొరికిందల్లా చదివేవాణ్ణి. "దున్నేవాడికే భూమి" అన్న మాటకు ఎవరైనా అడ్డం చెప్తే హాస్టల్ రూములో అర్ధరాత్రి దాకా వాదనే. తర్వాత ఉద్యోగం వచ్చింది, హైదరాబాద్‌లో స్థిరపడ్డాను. నాన్న తన మూడెకరాలు నా పేరు మీదికి మార్పించాడు. పొలం మాత్రం నాకు వరసకు మామ అయ్యే ఒకాయన కౌలుకు చేస్తున్నాడు.

2020 వానాకాలం. ఊరికి వెళ్లినవాణ్ణి ఊరికే పొలం దాకా నడిచాను. మామ మోకాళ్ల దాకా బురదలో నిలబడి పారతో ఒడ్లు చెక్కుతున్నాడు. నా జేబులో ఫోన్ టింగుమంది. రైతుబంధు, అంటే పంట పెట్టుబడికి ప్రభుత్వం ఇచ్చే సాయం. ఎకరానికి 5,000 చొప్పున 15,000 నా ఖాతాలో పడ్డాయి.

"పైసలు పడ్డయా అల్లుడా?" అన్నాడు, పార ఆపకుండానే.

పడ్డాయన్నాను.

"మంచిగైంది."

అంతే. మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. 2018లో పథకం మొదలైనప్పటి నుంచీ డబ్బు భూమి ఎవరి పేరున ఉందో ఆ పట్టాదారుకే, కౌలుదారుకు లేదు. ఇది నాకు పేపర్లో చదివి తెలుసు. నేనే ఆ పట్టాదారునని మాత్రం ఆ ఒడ్డు మీద నిలబడ్డప్పుడే తట్టింది.

ఆ రాత్రి జాన్ లాక్‌ను మళ్లీ తీశాను. 17వ శతాబ్దపు ఇంగ్లండ్ తత్వవేత్త. అందరిదీ అయిన ప్రకృతిలో నీ శ్రమ కలిపితే అది నీ ఆస్తి అవుతుందంటాడు. కాలేజీలో ఇది చదివి, అరే, ఇది సాయుధ పోరాటం నడిపిన మన సంఘం మాటే కదా అని సంబరపడ్డాను. ఆ వెంటనే ఆయన రాసినదాన్ని అప్పుడు పట్టించుకోలేదు. నా గుర్రం మేసిన గడ్డి, నా పనివాడు కోసిన పచ్చిక, నేను తవ్విన ఖనిజం, అన్నీ నావేనట! పనివాడి చెమట ఏ లెక్కలో యజమానిదైందో చెప్పడు. జీతగాడు కోసిన గడ్డి దొరదే అన్నట్టు. (బానిసల వ్యాపారం చేసే కంపెనీలో ఆయనకు వాటాలుండేవని తర్వాత తెలిసింది. అది తెలిశాక ఆ వాక్యం నాకు ఇంకోలా వినిపిస్తోంది.)

తత్వశాస్త్రం సంగతి అది. అసలు దెబ్బ ఇంట్లో ట్రంకుపెట్టె కొట్టింది. రెండు రోజుల తర్వాత పాత పహాణీల (భూమి రికార్డుల) కోసం వెతుకుతుంటే తాత పేరున ఒక సర్టిఫికెట్ కనిపించింది. 38-ఇ. హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం ఏళ్ల తరబడి సాగు చేస్తున్నవాళ్లను రక్షిత కౌలుదారులుగా గుర్తించింది. ఆ తర్వాత చేర్చిన 38-ఇ సెక్షన్ కింద వాళ్లలో చాలామంది ఆ భూమికి యజమానులయ్యారు. మా తాత అలా అయినవాడు. సంఘంలో తిరిగాడని చెప్పుకునే గొప్ప మాకు లేదు, ఇంకొకరి పొలం కౌలుకు చేసుకున్న మనిషి. అంటే మా మూడెకరాలూ "దున్నేవాడికే భూమి" అన్నందుకే మాకు వచ్చాయి. ఇప్పుడు దున్నుతున్నది మామ.

ఆ తర్వాత చరిత్ర నాకు వేరేగా కనిపించింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన కథ మనందరికీ తెలుసు. ఆమె సాగు చేసింది కౌలు భూమి. గొడవంతా ఆ పంట ఎవరు కోసుకోవాలన్నదాని మీదే. ఈ సంగతి ఎన్నోసార్లు చదివి కూడా దాటేశాను. ఇక 1951 ఏప్రిల్ 18న, పోరాటం ఇంకా ముగియకముందే, పోచంపల్లిలో గాంధీ శిష్యుడు వినోబా భావే ముందు దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే అక్కడి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. ఒకే నేల మీద, దాదాపు ఒకే సమయంలో మూడు జవాబులు: హక్కుగా తీసుకోవడం, దానంగా పుచ్చుకోవడం, చట్టంతో రాయించుకోవడం. ఈ మూడింట్లో మా ఇంటికి పనికొచ్చింది చట్టం. అలాగని అది పోరాటం లేకుండానే వచ్చేదని నేననుకోను.

అలాగే మా ఊళ్లో ఇంకో కౌలు ఉంది. భర్త పోయిన ఒకామె తన ఎకరం పొలాన్ని ట్రాక్టర్, పదెకరాల సొంత భూమి ఉన్న మనిషికి ఇచ్చింది. అక్కడ "దున్నేవాడికే" అంటే ఆమె నోటి దగ్గర ముద్ద తీసినట్టే. హాస్టల్ రూములో నాకు ఈమె గుర్తు రాలేదు.

మామకు ఆ ఏడు కౌలులో 15,000 తగ్గించాను. కాగితం కూడా రాసిద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. "కాగితమిస్తే పట్టా పోతది" అన్నాడు. చదువుకోనివాళ్ల భయం అనుకునేవాణ్ణి ఇలాంటి మాటను. కాదు, అనుభవం. కౌలుదారు యజమాని ఎలా అవుతాడో మా నాన్న కళ్లారా చూశాడు, అయింది ఆయన తండ్రే. ఊళ్లో ఎవరూ కౌలు కాగితం ఎందుకు రాయరో నాకు అప్పుడు అర్థమైంది.

సరే, మామనే అడుగుదామని వెళ్లాను. "ఎందుకు అల్లుడా కాగితం? రేపు మీ నాయిన పొలమే ఇయ్యనంటే?" అన్నాడు.

ఇప్పుడు పథకం పేరు రైతుభరోసా, ఎకరానికి 6,000. పడేది పట్టాదారు ఖాతాలోనే. కౌలులో అంత తగ్గిస్తూ వస్తున్నాను. మామ మాత్రం వడ్ల కొనుగోలు కేంద్రానికి ఇప్పటికీ నా పాసుబుక్ జిరాక్స్ పట్టుకునే వెళ్తాడు.