ఎడారి పువ్వు మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష నీ చేతిలో ఉంది, దాని గురించి బెంగ లేదు. కానీ "ఎండలు ముదిరాక బతకడం కోసం ఎడారి మొక్కలు తమ జన్యువులను మార్చుకున్నాయి" అని రాశావు చూడు, ఆ వాక్యం తీసెయ్. ఏ మొక్కా అలా మార్చుకోదు. కణ విభజనలో ఎక్కడో తేడా జరిగి, జన్యువులను మోసే క్రోమోజోములు రెట్టింపవుతాయి, అలా పుట్టినవాటిలో చాలావరకు నిలవవు, ఎప్పుడో ఒకదానికి కాలం, చోటు కలిసొచ్చి అది పాకుతుంది. వాతావరణం చేసేదల్లా కొన్నిటికి దారివ్వడం, కొన్నిటికి మూసేయడం.

ఇంకోటి, అమెరికా ఎడారుల్లోని పువ్వులన్నీ ఒకే వ్యాసంలో ఎందుకు? ఒక్క మొక్కను పట్టుకో. నేనైతే క్రియోసోట్ అనే ఎడారి పొదను తీసుకుంటాను. పసుపుపచ్చ పువ్వు, అయిదు రేకులు, వాన పడితే అక్కడి ఎడారంతా దీని వాసనే. చివావా ఎడారిలో దీనికి 26 క్రోమోజోములు, సొనోరాలో 52, మొహావేలో 78. సుమారు 20,000 ఏళ్ళ కిందట, మంచుయుగంలో, ఇప్పటి మొహావేలో చాలా భాగం చల్లగా, తేమగా, జూనిపర్ చెట్లతో ఉండేది. మంచుయుగం పోయాకే క్రియోసోట్ అక్కడ విస్తరించింది.

ఇదంతా ఎలా తెలిసింది? నీ వ్యాసంలో లేనిది, ఉండి తీరాల్సింది ఇదే. ప్యాక్‌రాట్ అని ఒక ఎలుక ఉంటుంది. చుట్టుపక్కల ఆకులు, పుల్లలు ఏరుకొచ్చి రాతి సందుల్లో పోగేసి, దాని మీదే మూత్రం పోస్తుంది, అది ఆ పొడిగాలికి ముదురు బెల్లం పాకంలా గట్టిపడి ఆకుల్ని వేల ఏళ్ళపాటు పాడవకుండా పట్టేసుకుంటుంది. 40,000 ఏళ్ళ నాటి పోగులు కూడా దొరికాయి. రేడియోకార్బన్‌తో వాటి వయసు కడతారు. తర్వాత ఆ పాత ఆకును మైక్రోస్కోపు కింద పెట్టి, పత్రరంధ్రానికి, అంటే ఆకు గాలి పీల్చే సన్నటి కన్నానికి, రెండు వైపులా ఉండే రక్షక కణాలను కొలుస్తారు. క్రోమోజోములు పెరిగితే ఆ కణాలూ పెద్దవవుతాయి కాబట్టి, డీఎన్‌ఏ జోలికి పోకుండానే ఆ ఆకు 26 రకానిదో 78 రకానిదో అంచనా వేయొచ్చు! ఎంత గొప్ప సంగతి ఇది, నువ్వేమో "శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అని ఒక్క ముక్కలో దాటేశావు.

కొత్త చోటికి కొద్ది విత్తనాలే చేరితే అక్కడి మొక్కల్లో జన్యు వైవిధ్యం తగ్గుతుందన్నావు, నిజమే, చాలా జాతుల్లో అలా జరిగింది. కానీ ప్రతి పువ్వుకీ దాన్ని అంటగట్టకు.

రాసే ముందు ఒక్కసారి రక్షక కణాలను నీ కళ్ళతో చూడు. ఆకు అడుగున రంగులేని నెయిల్ పాలిష్ పలచగా రాసి, ఆరాక సెలోటేపుతో లాగితే అచ్చు వచ్చేస్తుంది. మైక్రోస్కోపు నా దగ్గర ఉంది. ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ మొదలవకముందే మారతహళ్ళిలో బయల్దేరి జయనగర్ వచ్చెయ్, మీ బాల్కనీలోని మొక్కల ఆకులు రెండు మూడు తెచ్చుకో.

అన్నయ్య